చూసే హక్కు

"పెన్సిల్ ఏదీ?"

లోర్నా ఇలా అడగడం ఇది మూడోసారి. వంటింట్లో కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్న నలుగురిలో ఒక్కరూ తలెత్తలేదు.

ఆమె అడుగుతున్నది చెక్క పెన్సిల్ కాదు. ఫోను తెర మీద ఆ రోజు పనుల పట్టికకు పైన, కుడివైపు మూల ఉండే బుల్లి పెన్సిల్ బొమ్మ. దాన్ని నొక్కితేనే ఒకరి పని ఇంకొకరికి మార్చడమైనా, కొత్త ఇల్లు చేర్చడమైనా, ఉన్నదాన్ని కొట్టేయడమైనా. ఇళ్లను వెచ్చగా ఉంచే ఫర్నేసులు, బాయిలర్లు బాగుచేసే రాంటలా వాళ్ల కంపెనీని కాగితాల నుంచి క్లౌడ్‌లోకి ఎక్కించింది లోర్నానే. అప్పటినుంచీ పొద్దున లేవగానే ఆమె వేలు వెళ్లేది ఆ మూలకే. ఇవాళ అక్కడ పెన్సిల్ లేదు. ఒక కన్ను బొమ్మ ఉంది. దాని పక్కన 'చూడవచ్చు' అని సన్నటి అక్షరాలు.

"చూడవచ్చట! ఎంత దయ!" అంది లోర్నా.

రాంటలా వాళ్లింట్లో ఒక చెడ్డమాట బయటికి రావలసి వస్తే అందరికీ ఒక్కసారే దాహం వేస్తుంది. నాలుగు కప్పులూ కలిసికట్టుగా లేచాయి.

"వెస్లీ, నిన్నే. యజమాని హక్కు ఈ ఇంట్లో ఇద్దరికే ఉంది. నాకూ, నీకూ. నాది నేనే తీసేసుకునేంత పిచ్చిదాన్ని కాను. మరి ఎవరు తీశారు?"

కొడుకు వెస్లీ గుటక మింగాడు. మనిషి గుమ్మానికి అడ్డం పడేంత ఉంటాడు గానీ తల్లి ముందు నీళ్లు నమలడం చిన్నప్పటి నుంచీ అలవాటే. "అది కొన్నాళ్లకేనమ్మా."

"నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోనని తెలిసి అడగడం మానేశావన్నమాట. బాగుంది. మీ నాన్న పెంపకం."

ఆ నాన్నగారు, ఆర్విడ్, బల్లకు ఆ చివర కూర్చుని నిసు అనే యాలకుల తీపి రొట్టె ఇంకో ముక్క కోసుకున్నాడు. మోకాలి నొప్పి పేరు చెప్పి వేట కాలం అయిపోయినప్పటినుంచీ ఇంటిపట్టునే ఉంటున్నాడు. పెళ్లాం, కొడుకూ కొట్టుకుంటుంటే రొట్టె మీద వెన్న సమంగా పరుచుకుందా లేదా అని చూసుకోగల స్థితప్రజ్ఞుడు.

"కూర్చోండమ్మా ముందు. కాఫీ పోస్తాను," అంది కోడలు కెల్సీ.

లోర్నాకు ఒళ్లు మండింది. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఈ పిల్ల తనను లోర్నా అని పేరు పెట్టే పిలిచేది. ఈ మధ్యనే అమ్మా అని మొదలుపెట్టింది. ఆ పిలుపులో నర్సు గొంతు ఉంది.

"నా వంటింట్లో కాఫీ ఎక్కడుందో నాకింకా గుర్తుంది కెల్సీ."

గుర్తు అన్న మాట వినగానే కెల్సీ వెస్లీ వంక చూసింది. వెస్లీ కిటికీ వంక చూశాడు. బల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క బయటి మనిషి, పనివాడు గోర్డీ, తన టోపీలోకి చూసుకున్నాడు. ఆ చూపుల్లో తనకు తెలియనిదేదో ఉందని లోర్నాకు అప్పుడు అనిపించింది.

"ఏమిటి? చెప్పండి. నేనేం పాపం చేశాను?"

"పాపం అని ఎవరన్నారు?" కెల్సీ కప్పు కింద పెట్టింది. "మాకు మీరు నేర్పిందే కదా. పనికి ఎంత హక్కు కావాలో అంతే ఇవ్వాలి, మనవాడు కదా అని ఎక్కువ ఇవ్వకూడదు అని. వేసవిలో పనికొచ్చిన కుర్రాడికి అన్నీ తెరిచి ఇచ్చానని నన్ను ఎంత తిట్టారు?"

"తిట్టాను. తిట్టవలసిందే. వాడు నాలుగు ఇళ్లు తుడిచిపెట్టాడు. నేనేం తుడిచిపెట్టాను?"

కెల్సీ బల్ల మీది రొట్టె పొడి అరచేత్తో ఓ మూలకు చేర్చింది.

"నా పనికి ఇప్పుడు ఎంత హక్కు కావాలంటావు? చూసేంతా?"

"హిల్యా గారి సంగతి అయ్యాక..." అని వెస్లీ ఆగిపోయాడు.

హిల్యా కోస్కి పేరు వస్తే ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. సరస్సు రోడ్డు చివర ఒంటరిగా ఉండే ముసలావిడ. ఊళ్లో సగంమందికి ఆదివారం బడిలో పాఠాలు చెప్పింది. ఆవిడ ఇంటి నేలమాళిగలో తాతలనాటి ఆవిరి బాయిలరు ఉంది. వారానికోసారి దిగి దానిలో నీటి మట్టం చూడాలి. ఆవిడ మెట్లు దిగలేని మనిషి గనక ఏటా చలికాలమంతా రాంటలా వాళ్లే వెళ్లి చూసేవారు. ఈ ఏడు నవంబరు సగంలో ఆ రాకపోకలు పట్టికలోంచి మాయమైపోయాయి. ఒకటి కాదు, చలికాలమంతటివీ.

మాయమైతే మనుషులకు తెలియదా అంటే, తెలియదు. పూర్వం ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో మగవాళ్ల బుర్రలో ఉండేది. ఇప్పుడు ఫోను ఏ ఇల్లు చూపిస్తే ఆ ఇంటికి బండి తిరుగుతుంది. చూపించని ఇల్లు లోకంలో లేనట్టే. హిల్యా ఇంటి మీదుగా రోజూ మూడు బండ్లు పోయాయి, ఒక్కటీ ఆగలేదు. నీళ్లు తగ్గి బాయిలరు తనంతట తానే ఆరిపోయింది. ఈదురుగాలి తగ్గాక ఉత్తరాలు తెచ్చే మనిషి తలుపు కొట్టి చూస్తే ఆవిడ కోటుతో సహా దుప్పట్ల కింద ఉంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. చలికి గడ్డకట్టిన ఎడమకాలి వేళ్లు ఉంటాయో తీసేస్తారో ఇంకా తెలియదు.

లోర్నా చూడ్డానికి వెళ్లింది. "మీవాళ్లు రాలేదేం లోర్నా?" అని అడిగింది హిల్యా. కోపంగా అడిగినా బాగుండేది.

"అది నేను తీశానని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా," అన్నాడు వెస్లీ.

లోర్నా మళ్లీ తెర వంక తిరిగింది. కోపం వస్తే ఆమె పని చూసుకుంటుంది, అది ఆమె తరహా. గోర్డీకి కొండ మీద రెండు ఫర్నేసులు. వెస్లీకి స్కూలు బాయిలరు. ఆ కింద మధ్యాహ్నం గడిలో లేత పసుపు రంగులో ఒక కొత్త పని. ఆమె పైకే చదివింది.

"అమ్మ. క్లినిక్. మతిమరుపు పరీక్ష."

ఆమె ఫోనును బల్ల వైపు తిప్పింది.

"గోర్డీ, ఇది నీ ఫోన్లో కనబడుతోందా?"

గోర్డీ టోపీని అటూ ఇటూ తిప్పాడు. "అందరికీ వచ్చిందండీ. పొద్దున్నే."

"అందరికీ అంటే?"

"అంటే... బండ్లవాళ్లందరికీ." అతను లేచాడు. "కొండ మీద వాళ్లు ఎదురు చూస్తుంటారు, నేను పోతాను." సగం రొట్టె వదిలేసి వెళ్లిపోయాడు. రొట్టె వదిలేసి వెళ్లడం గోర్డీ ఎరగడు.

కెల్సీ ముఖం కందగడ్డ అయింది. "అయ్యో, నా సొంత క్యాలెండర్లో పెట్టాననుకున్నాను. ఎప్పుడు కొత్తది పెట్టబోయినా ఆఫీసుదే ముందుకొస్తుంది."

"ముందుకొస్తుంది! ఏది పెట్టినా, ఏ క్యాలెండర్లో పెడుతున్నావో, ఎవరెవరికి కనబడుతుందో పైన చూసుకుని మరీ నొక్కమని నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఇంకొకరి ఫోన్లో ఒకసారి తెరిచి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"తీసేస్తాను, తీసేస్తాను."

"నువ్వే తియ్యాలి మరి. నేను తీద్దామంటే నాకు పెన్సిల్ లేదుగా."

చెప్పేశాక లోర్నా ఫోను బోర్లించింది. నలుగురి ముందు ఏడవకూడదని పళ్లు బిగించింది. ఊరంతటికీ వెచ్చదనం పంచే ఇంటి ఇల్లాలికి మతి పోయిందని ఊరి బండ్లన్నిటికీ ఒకేసారి తెలిసింది, ఆమెకు తప్ప.

కెల్సీ తన ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఎగతాళికి కాదు, అది ఒప్పుకోవాలి. ఆ పిల్లకు నిజంగానే బాధగా ఉంది. "ఒకరిని అనే ముందు మార్పుల చరిత్ర తెరిచి చూడాలని మీరే చెప్పారు. తెరిచాం. మీరే చూడండి."

తెర మీద ఒక వరుస. నవంబరు పద్నాలుగు, మిట్టమధ్యాహ్నం. హిల్యా కోస్కి, బాయిలరు. 'ఈ రాక, దీని తరువాతి రాకలన్నీ తీసివేయబడినవి.' చేసినవారి పేరు దగ్గర, లోర్నా రాంటలా.

ఆమె ఆ పేరును కొంచెంసేపు చూసింది. అది తన పేరే.

"నేను అలా చెయ్యను," అంది. గొంతులో ఇందాకటి పదును లేదు. "వారం వారం వచ్చే పనిని ఒకరోజు ఆపాలంటే అది అడుగుతుంది. ఇదొక్కటేనా, ఇక ముందువన్నీనా అని. ఆ పెట్టె చదవకుండా వదిలించుకోడానికి ఏదో ఒకటి నొక్కేవాళ్లకు ఈ ఇంట్లో పని లేదని నేనే కదా గోర్డీని అందరి ముందూ కేకలేశాను."

"అందుకేనమ్మా భయం," అన్నాడు వెస్లీ. "మామూలుగా అయితే నువ్వు చెయ్యవు."

"ఆ రోజు నేను ఇంట్లోనే లేను. చర్చిలో మాంసం, దుంపలు కూరి పేస్టీలు చుడుతున్నాను. మర్నాడు వేట మొదలు కదా, మగవాళ్లు కట్టుకెళ్లడానికి. ఆడవాళ్లందరినీ అడగండి."

"ఫోను కోటు జేబులోనే ఉంటుందిగా," అంది కెల్సీ మెల్లగా. "ఎక్కడ కూర్చునైనా మన పని మనం చేసుకోవచ్చని ఇది కొన్నప్పుడు మీరే అందరికీ చెప్పారు."

తాను నేర్పిన మాటలే ఒక్కొక్కటీ తిరిగొచ్చి చెంప ఛెళ్లుమనిపిస్తుంటే లోర్నా ల్యాప్‌టాప్ పక్కకు నెట్టింది. ఆర్విడ్ వంక చూసింది. ఒక్కమాట, నా పెళ్లాం అలాంటిది కాదు అని ఒక్కమాట అంటాడేమోనని.

"వెన్న ఇలా జరుపు కెల్సీ," అన్నాడు ఆర్విడ్.

*

ఆఫీసు అంటే వెనక వసారాలో వేసిన ఒక గది. లోర్నా తలుపు మూసుకుని బల్ల ముందు కూర్చుంది.

ఆమె తల్లికి కూడా మతిమరుపు ఇలాగే మొదలైంది. ముందు తాళాలు, తర్వాత పేర్లు, ఆఖరికి కూతురు. ఈ రెండు వారాలుగా, హిల్యా సంగతి బయటపడ్డప్పటినుంచీ, వెస్లీ ప్రతి మాటా రెండుసార్లు చెబుతుంటే, కెల్సీ ప్రతిదీ 'గుర్తుందా' అని అడుగుతుంటే ఎందుకో అర్థం కాక లోర్నాకే తన మీద అనుమానం మొదలైంది. పొయ్యి ఆర్పానా లేదా అని లేచి వెళ్లి చూసుకోవడం, ఆర్పే ఉందని చూసి మళ్లీ వచ్చి పడుకోవడం. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

కానీ ఆ పద్నాలుగో తారీకు? ఆమె కళ్లు మూసుకుంది. చర్చి వంటగది. మోచేతుల దాకా పిండి. దుంపలు, తరిగిన ఉల్లిపాయల ఘాటు. ఫోను కోటు జేబులో, కోటు హాలు కొక్కేనికి. సాయంత్రం దాకా చేతులు కడుక్కునే తీరికే లేదు. పిండి చేతులతో ఫోను తీసిన గుర్తు లేదు. గుర్తు లేదంటే ఎవరు నమ్ముతారు? గుర్తు లేకపోవడమే కదా వాళ్లు చెబుతున్న జబ్బు.

ఫోను కాకపోతే మరి?

కళ్లు తెరిచేసరికి ఎదురుగా తన కంప్యూటరే ఉంది. తెరుచుకునే ఉంది. ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

బల్ల వదిలి కాఫీకి లేచినా తెరకు తాళం వేసి లేవమని కెల్సీకి చెప్పింది ఈవిడే. ఎవరి పేరు మీద వాళ్లే లోపలికి వెళ్లాలి, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడితే ఆ చరిత్రకు విలువ లేదు, అది పేరు రాస్తుంది గానీ వేలు ఎవరిదో చూడదు అని పనివాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పిందీ ఈవిడే. వేసవి కుర్రాడికి కూడా వేరే లాగిన్ ఇచ్చింది. ఒక్కడికే లేదు. "నాకెందుకే అదంతా, నీది ఉందిగా," అన్నాడు ఆర్విడ్. సరే మొగుడి దగ్గర తాళాలేమిటని, బయటికి వెళ్లినప్పుడల్లా అతను తన పనులు చూసుకోడానికి తెర తెరిచి వెళ్లేది. లోకానికంతటికీ చెప్పిన జాగ్రత్త సొంత కాపురం దగ్గరికి వచ్చేసరికి ముచ్చటగా పక్కన పెట్టింది.

నవంబరు పదిహేను. జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు ఈ ఊళ్లో చావు వచ్చినా వాయిదా వేస్తారు. ఆ రోజున హిల్యా ఇంటి పని ఆర్విడ్ పేరు మీదే ఉంది. ఆర్విడ్ పనిలోకి వచ్చే రోజుల్లో ఆవిడ ఇంటికి అతనే వెళ్తాడు. ఆ పొద్దున అతను చీకటితోనే తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు.

"నేను బాగానే ఉన్నాను," అంది లోర్నా పైకే, ఖాళీ గదితో. పక్కుమని నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. తను బాగానే ఉందని ఇన్నాళ్లూ అతనికి తెలుసు.

*

ఆర్విడ్ షెడ్డులో మంచుగడ్డకు బొక్క వేసే మర పళ్లు ఆకురాయితో పదును పెడుతున్నాడు. సరస్సు గట్టిపడింది, చేపల కాలం వచ్చింది. మోకాలు అడ్డురాని పనులు అతనికి చాలానే ఉన్నాయి.

"పద్నాలుగో తారీకు నా కంప్యూటరు ముట్టుకున్నావా?"

ఆకురాయి గీరుకుంటూనే ఉంది.

"ఆర్విడ్. ఒక్కమాట."

"ఒక్కరోజుదే తీద్దామనుకున్నా," అన్నాడతను, మర వంకే చూస్తూ.

లోర్నా అక్కడున్న కట్టెల మొద్దు మీద కూలబడింది.

"ఏదో పెట్టె వచ్చింది," అన్నాడు. "ఇదొక్కటా, అన్నీనా అంది. కిందది నొక్కాను. పెట్టె పోయింది. సరేననుకున్నా."

"చదవలేదా?"

"కళ్లద్దాలు బండిలో ఉన్నాయి."

"కళ్లద్దాలు బండిలో ఉన్నాయి," అని ఆమె అంతే మెల్లగా అంది. "ఎప్పుడు తెలిసింది నీకు? నువ్వు నొక్కినదాని వల్లేనని?"

"హిల్యాని తీసుకెళ్లిన రోజు. వెస్లీ ఆ చరిత్రేదో తెరిచాడు. నీ పేరు వచ్చింది."

"వస్తే?"

"నేనేం నీ మీద చెప్పలేదు లోర్నా. అదే చెప్పింది."

"నువ్వు చెప్పలేదు! అవును, నువ్వు ఏనాడు ఏం చెప్పావు గనక! నా కొడుకూ కోడలూ కలిసి నాకు మతి పోయిందని డాక్టరుకు రాసుకుంటుంటే, అది నేను నొక్కానురా అని ఒక్కమాట రాలేదు నీ నోట. రొట్టెకు మాత్రం తెరుచుకుంటుంది."

ఆర్విడ్ ఆకురాయి పక్కన పెట్టాడు. "నిన్ను వాళ్లేమీ అనలేదు. వయసన్నారు. వయసైతే ఎవరూ ఏమీ అనుకోరు. అదే నేనని తెలిస్తే? వేటకు పోవడం కోసం ముసలావిణ్ని చలికి వదిలేశాడంటారు. హిల్యా నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఈ ఊళ్లో నేను తలెత్తుకుని తిరుగుతానా?"

"నేను తిరుగుతానా?"

"నీకు జాలి దొరుకుతుంది," అన్నాడు ఆర్విడ్. "నాకు అది కూడా దొరకదు."

ఇంతకంటే పొడుగైన మాట అతని నోట పెళ్లయ్యాక ఆమె విన్నది తక్కువ. అంత ఆలోచించాడన్నమాట. ఆమె తల కోసం ఒక్క క్షణం కూడా ఆలోచించనివాడు, తన తల కోసం రెండు వారాలుగా లెక్కలు కట్టుకున్నాడు.

"పొయ్యి ఆర్పానో లేదోనని నేను లేచి లేచి చూసుకుంటుంటే నువ్వు పక్కనే మేలుకుని ఉన్నావు."

"ఊఁ."

"చూస్తూ ఉన్నావు."

"ఊఁ."

లోర్నా లేచింది.  "మధ్యాహ్నం భోజనానికి పిల్లలిద్దరూ వస్తారు. నువ్వే చెప్పాలి. నేను చెబితే బాగుండదు. నీ నోటితో నువ్వే చెప్పు ఆర్విడ్. చెబితే నేను మళ్లీ ఈ మాట ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."

"ఊఁ," అన్నాడు అతను మళ్లీ.

రాంటలా మగవాళ్ల ఊఁ కి అర్థం ఏమిటో ఇన్నేళ్ల కాపురంలోనూ ఆమెకు పూర్తిగా తెలియదు. అవును అని అనుకుంది. అనుకోవాలనిపించింది.

*

భోజనానికి దుంపలూ, జింక మాంసం పులుసూ. మాంసం ఆ పదిహేనో తారీకున ఆర్విడ్ కొట్టినదే. లోర్నా వడ్డించింది గానీ తన గిన్నెలో వేసుకోలేదు.

ఆమె ఎదురుచూసింది. ఆర్విడ్ పులుసు తిన్నాడు. వెస్లీ స్కూలు బాయిలరు గురించి చెప్పాడు. కెల్సీ పసుపు గడిని ఆఫీసు క్యాలెండర్లోంచి తీసేశానని చెప్పింది. ఆర్విడ్ ఇంకొంచెం పులుసు వేసుకున్నాడు.

"ఆర్విడ్," అంది లోర్నా.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు ఆర్విడ్.

ఆమె చెంచా కింద పెట్టింది. గొంతు పెంచకూడదనుకుంది, పెంచలేదు. "హిల్యా పని తీసింది నేను కాదు. మీ నాన్న. మర్నాడు వేటకు పోవాలని, తెరిచి ఉన్న నా కంప్యూటర్లో ఒకరోజుది తీయబోయి అన్నీ తీశాడు. పేరు నాది పడింది. ఇందాక షెడ్డులో నాతో ఒప్పుకున్నాడు."

వెస్లీ చెంచా గాల్లో ఆగింది. "నాన్నా?"

ఆర్విడ్ మూతి తుడుచుకున్నాడు. నిదానంగా, రెండు వైపులా.

"నాకు ఆ కంప్యూటరు తెరవడమే రాదురా. మీకందరికీ తెలుసుగా."

నిజమే, అందరికీ తెలుసు. నాకు రాదు అని అతను ఆరేళ్లుగా గర్వంగా చెప్పుకుంటూ తిరిగాడు. ఊళ్లో ఏ కాఫీ బల్ల దగ్గర అడిగినా సాక్ష్యం చెబుతారు.

"ఆర్విడ్!" ఆమె కుర్చీ వెనక్కి పడింది. "షెడ్డులో ఏమన్నావు? ఒక్కరోజుదే తీద్దామనుకున్నా అనలేదూ? కళ్లద్దాలు బండిలో ఉన్నాయనలేదూ? నీకు జాలి దొరుకుతుంది అనలేదూ?"

"షెడ్డులోకి వచ్చింది," అన్నాడు ఆర్విడ్ కొడుకుతో. "ఏదో అడిగింది. బాగా కంగారులో ఉంది. నాకు సరిగా అర్థం కాలేదు."

లోర్నా అతని నోటి వంకే చూసింది. ఈ మనిషికి అబద్ధం ఆడటం రాదని పెళ్లప్పుడు తన తల్లి మురిసిపోయింది.

కెల్సీ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కళ్లతోనే మొగుడికి ఏదో చెప్పింది. అయినా వెస్లీ గుసగుసగా, తల్లికి వినబడేలాగే అన్నాడు.

"క్లినిక్ వాళ్లు పంపిన కాగితంలో ఉంది కదూ? ఈ జబ్బువాళ్లు తాము చేసి మరిచిపోయింది దగ్గరివాళ్లు చేశారని అంటారని."

అప్పుడు లోర్నాకు పూర్తిగా తెలిసివచ్చింది. ఇప్పుడు అరిస్తే అదీ జబ్బే. ఏడిస్తే అదీ జబ్బే. నోరు మూసుకుంటే, పాపం, ఏం మాట్లాడుతున్నదో మరిచిపోయింది అంటారు. నిజం చెప్పింది, ఆ నిజాన్నే చీటీ రాసి ఆమె మెడలో కట్టారు.

"నా మాట వినండి," అంది, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. "నన్ను నమ్మొద్దు. మీ నాన్నకు వేరే లాగిన్ ఇవ్వండి. నా పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాత ఎవరి పేరు మీద ఏం జరుగుతుందో చూడండి. అంతే అడుగుతున్నాను."

"అలాగే అమ్మా, అన్నీ చేద్దాం," అంది కెల్సీ. పసిపిల్ల చందమామ అడిగితే చెప్పే అలాగే అది. "ముందు ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్లొద్దాం. పరీక్ష ఏం పెద్దది కాదట. మిమ్మల్ని చూడకముందు ఇంట్లో మీతో ఉండేవాళ్లతో విడిగా మాట్లాడతారట. మీరు ఏమేం మరిచిపోతున్నారో, ఎలా ఉంటున్నారో వాళ్లు చెప్పిందే ముఖ్యమట."

"నేను వస్తాను," అని వెస్లీ లేవబోయాడు.

"నువ్వు స్కూలు సంగతి చూడు," అన్నాడు ఆర్విడ్. "పిల్లలు చలికి ఉన్నారు. ఇంట్లో ఉండేది నేను. నేను తీసుకెళతా."

అతను మోకాలు పట్టుకుని లేచాడు. కొక్కెం దగ్గరికి నడిచి లోర్నా కోటు తీశాడు. రెండు చేతులతో తెరిచి పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెకు కోటు పట్టుకోవడం ఇదే మొదలు.

వెస్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడమ్మా," అన్నాడు, "నాన్నకు నువ్వంటే ఎంత ప్రాణమో."

"చెయ్యి పెట్టు లోర్నా," అన్నాడు ఆర్విడ్ ఆమె చెవి దగ్గర. "నేను ఎక్కువేం చెప్పనులే."